సరిహద్దుకు ఇటువైపు కొత్త తెలుగు పుస్తకం తెప్పించుకోవడం ఎలా

విజయవాడలోనో హైదరాబాదులోనో అచ్చయిన తెలుగు పుస్తకం కొద్ది రోజుల్లో విశాఖ దుకాణాల్లో కనిపిస్తుంది. అక్కణ్ణుంచి సరిహద్దు దాటి ఒడిశాలోని పర్లాకిమిడికో, గుణుపూరుకో, రాయగడకో, బరంపురానికో, జయపురానికో రావాలంటే మాత్రం ఎవరో ఒకరు పూనుకుని తెప్పించాలి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం వాదించిన నేల ఇది. ఆ వాడుక భాషలో ఈ ఏడాది వచ్చిన నవల కావాలంటే ఇప్పుడు చిరునామా రాసి, డబ్బు పంపి, పార్సిల్ కోసం ఎదురుచూడాలి. ఒక్కరే చేస్తే ఖర్చెక్కువ. పది పన్నెండు ఇళ్లు కలిస్తే సులువు. ఇక్కడి లెక్కలన్నీ పన్నెండు ఇళ్ల ఉమ్మడి కొనుగోలుకు వేసినవి.

ముందు డబ్బు, బరువు

ఇంటికి నెలకు వంద. పన్నెండు ఇళ్లకు మూడు నెలల్లో 3,600 రూపాయలు. నెలనెలా కొనొద్దు, మూడు నెలలకోసారి కొనండి. చిన్న పార్సిళ్లు మూడు తెప్పిస్తే పంపే ఖర్చు పుస్తకాల ఖర్చును తినేస్తుంది.

ఈ మొత్తంలో 1,400 పిల్లల పుస్తకాలకు, 2,000 పెద్దల పుస్తకాలకు, 200 రవాణాకు పెట్టుకోండి. పదహారు నుంచి ఇరవైనాలుగు పేజీల రంగుల బొమ్మల పుస్తకం యాభై నుంచి ఎనభై రూపాయల మధ్య ఉంటుంది కాబట్టి ఇరవై దాకా వస్తాయి. రెండు వందల పేజీల నవలో కథల సంపుటో రెండు వందల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అవి పది. అచ్చయిన పుస్తకాలకు జీఎస్టీ లేదు, పిల్లల రంగులు వేసుకునే పుస్తకాలకూ లేదు. బిల్లులో పుస్తకం మీద పన్ను కనబడితే అడగండి. కొరియర్ చార్జీ మీద పన్ను వేరు, అది ఉంటుంది.

బరువు లెక్క చాలామంది వేయరు, అక్కడే దెబ్బ తింటారు. మామూలు నవలల డెమీ సైజులో, చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే, అంటే 70 జీఎస్‌ఎం కాగితం మీద అచ్చయిన రెండు వందల పేజీల పుస్తకం అట్టతో కలిపి సుమారు 230 నుంచి 250 గ్రాములు తూగుతుంది. పది పుస్తకాలు రెండున్నర కిలోలు. పల్చటి బొమ్మల పుస్తకం వంద గ్రాములనుకుంటే ఇరవై కలిపి రెండు కిలోలు. కట్టడానికి అట్టముక్కలు, ప్లాస్టిక్ కవరు మరో మూడు వందల గ్రాములు. వెరసి 4.8 కిలోలు.

ఐదు కిలోల దగ్గర ఎందుకు ఆపాలంటే, తపాలా శాఖ 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో ఒక్క కట్ట గరిష్ఠ బరువు అదే. మూడు వందల గ్రాముల వరకు 20 రూపాయలతో మొదలై, ఐదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. ముప్పై పుస్తకాలు వందో నూట ఇరవయ్యో రూపాయలకు ఇల్లు చేరుతున్నాయంటే ఒక్కో పుస్తకానికి నాలుగు రూపాయలు పడినట్టు. ట్రాకింగ్ కూడా ఉంది. అయితే రోడ్డు, రైలు మార్గాల్లోనే వస్తుంది కాబట్టి నెమ్మది. పుస్తకంలో ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి. పత్రికలకు, వాణిజ్య ప్రకటనలు నిండిన పుస్తకాలకు ఈ సేవ వర్తించదు. కట్టలో ఒక మాసపత్రిక దూర్చితే కౌంటరు దగ్గర మొత్తం కట్టనే వెనక్కి ఇచ్చేయవచ్చు. అమ్మేవాళ్లకు ఈ సేవ గుర్తుండకపోవచ్చు. ఆర్డరు చెప్పేటప్పుడే "జ్ఞాన్ పోస్ట్‌లో పంపండి" అని మీరే చెప్పాలి.

ఏది కొత్తది?

కొత్త అట్ట వేసుకున్న పాత పుస్తకాన్ని కొత్తదనుకుని కొనడం మామూలే. లోపలి శీర్షిక పేజీ వెనక చూడండి. "ప్రథమ ముద్రణ" పక్కన నెల, సంవత్సరం ఉంటాయి. "పునర్ముద్రణ" అంటే మళ్లీ అచ్చు వేశారని. అందులో తప్పేం లేదు, కొత్తది కాదంతే. కొన్ని కథల సంపుటాల్లో పదేళ్ల క్రితం సంపుటి కథలే సగం ఉంటాయి. విషయసూచిక ఫొటో పంపమంటే ఆ సంగతి తేలిపోతుంది. అనువాదమైతే మూల రచయిత పేరు, ఏ భాష నుంచి తెచ్చారు, అనువాదకులెవరు అన్న మూడూ ఉండాలి. అనువాదకుడి పేరే లేని పుస్తకం మీద డబ్బు పెట్టకపోవడం మంచిది. లోపల తెలుగు ఎలా ఉంటుందో ముందే తెలిసిపోయినట్టే.

అదే పేజీలో "ప్రతులు: 500" అనో, ఇంకా తక్కువో కనబడుతుంది. కొత్త తెలుగు పుస్తకాలు చాలావరకు అంత తక్కువే వేస్తున్నారు. ఆరు నెలలు ఆగి అడిగితే "అయిపోయాయండీ" అంటారు. ఆ కింద "ప్రతులకు" అని ఒక ఫోన్ నంబరు ఉంటుంది. ఇదే అసలైన దారి. రచయితలే సొంతంగా వేసుకున్న పుస్తకాలకు చాలాసార్లు, పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ ఉండదు, అందువల్ల ఆన్‌లైన్ దుకాణాల్లో ఎంత వెతికినా కనబడవు. ఆ నంబరుకు వాట్సాప్ చేస్తే పుస్తకం వస్తుంది. ఐఎస్‌బీఎన్ ఉంటే పదమూడు అంకెల్లో ఉంటుంది, మన దేశపుదైతే 978-81 లేదా 978-93తో మొదలవుతుంది. ఆర్డరులో పేరుతో పాటు ఈ నంబరు కూడా రాస్తే ఒకే పేరున్న వేరే పుస్తకం రాకుండా ఉంటుంది.

ఏది వచ్చిందో తెలియడానికి దినపత్రికల సోమవారం సాహిత్య పేజీలు, ఆదివారం అనుబంధాల్లోని పుస్తక సమీక్షలు చాలు. సమీక్ష కన్నా దాని చివర ఇచ్చే పేజీలు, వెల, ప్రతులకు నంబరు ముఖ్యం. అది ఫొటో తీసి దాచుకోండి. హైదరాబాదు పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదటి పదిరోజుల్లో జరుగుతాయి. ఆ రెంటి కోసమే చాలామంది పుస్తకాలు సిద్ధం చేసుకుంటారు కాబట్టి కొత్తవన్నీ డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్కసారిగా దిగుతాయి. జనవరి మూడో వారంలో పెట్టే ఆర్డరు ఏడాది మొత్తంలో మంచి ఆర్డరు. ప్రదర్శనకు ఎవరైనా బంధువులు వెళ్తుంటే జాబితా ఇచ్చి పంపండి. స్టాళ్లలో పది శాతం తగ్గింపు మామూలుగా ఇస్తారు.

ఇక ఎక్కడ అడగాలి అంటారా? పిల్లలకు "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ, ప్రథమ్ బుక్స్, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్. పెద్దలకు హైదరాబాద్ బుక్ ట్రస్ట్, ఛాయ, అన్వీక్షికి, ఎమెస్కో, విశాలాంధ్ర, ప్రజాశక్తి, నవచేతన. ఏడాది కథలన్నిటి నుంచి ఏరిన కొన్ని చాలనుకుంటే కథాసాహితి 1990 నుంచి ఏటా వేస్తున్న సంకలనం ఒకటి తీసుకోండి. సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్యానికి, 2011 నుంచి యువ రచయితలకు విడిగా పురస్కారాలు ఇస్తోంది. ఆ జాబితాల్లో తెలుగు పేరు చూసి ఒక పుస్తకం తెప్పించడం చెడ్డ పద్ధతేం కాదు. అయితే పురస్కారం వచ్చిందని పిల్లలకు నచ్చుతుందన్న హామీ లేదు.

ప్రతి ప్రచురణకర్త దగ్గరా రెండేసి పుస్తకాలు కొంటే ఎన్నో పార్సిళ్లవుతాయి. అందరి పుస్తకాలూ పెట్టుకునే ఒక్క దుకాణానికి మొత్తం జాబితా ఇవ్వండి. లేనివి ప్రచురణకర్త నుంచి తెప్పించి కలిపి పంపమనండి. వారం ఆలస్యమైనా ఒక్క కట్టగా వస్తుంది.

పిల్లల పుస్తకాలు: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు వయసు చూసి కొనడం. పదేళ్ల పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు అక్షరం మాత్రం రాదు. ఆమెకు పదేళ్ల పిల్లల తెలుగు నవల ఇస్తే మూడో పేజీలో మూసేస్తుంది. నాలుగేళ్ల పిల్లల అక్షరాల పుస్తకం ఇస్తే చిన్నబుచ్చుకుంటుంది. ఆమెకు కావలసింది పదేళ్ల పిల్లకు తగిన కథ, పేజీకి రెండు మూడు వాక్యాలు.

ప్రథమ్ బుక్స్ పుస్తకాలకు నాలుగు స్థాయిలుంటాయి. మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, నాలుగోది అంతకు పైన. అక్షరాలు కొత్తగా నేర్చిన పిల్లలకు వయసు ఎంతైనా ఒకటో స్థాయి. కూడబలుక్కుని చదివేవాళ్లకు రెండు. బొమ్మలున్న సైన్సు కథలు, జంతువుల కథలు ఎంచితే పదేళ్లవాళ్లకు చిన్నతనంగా అనిపించదు. మంచి పుస్తకం, తూలిక వేసిన తెలుగు–ఇంగ్లీషు ద్విభాషా పుస్తకాలు ఇంగ్లీషు మీడియం పిల్లలకు బాగా పనికొస్తాయి. ఇంగ్లీషు వాక్యం చదివి అర్థం చేసుకుని, పక్కనున్న తెలుగు వాక్యంలో తెలిసిన మాట కోసం వెతుక్కుంటారు.

ఒడియా మీడియం పిల్లలకు ఇంకో ఉపాయం. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఒకే కథ తెలుగులోనూ ఒడియాలోనూ దొరికేవి ఉన్నాయి. ఖర్చు లేదు. రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి అచ్చు తీసుకోవడానికి అనుమతి ఉంది. రెండు భాషలవీ దించుకుని, పేజీకి పేజీ ఎదురెదురుగా పెట్టి కుట్టండి. బొమ్మలు నలుపు తెలుపులో తీస్తే చిన్నపిల్లలు ముట్టుకోరు. తెలుగుది రంగుల్లో, ఒడియాది నలుపులో తీస్తే ఖర్చు చాలా తగ్గుతుంది. ఏది ముందు పట్టుకుంటారో మీరే చూస్తారు.

చదివించేటప్పుడు ఎక్కడ తడబడతారో ముందే తెలిస్తే విసుక్కోరు. అక్షరమాల వరస రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే కాబట్టి గుణింతం వాళ్లకు కొత్త కాదు. చిక్కు ఉచ్చారణలో ఉంది. ఒడియాలో "క" అన్న అక్షరం "కొ"కి దగ్గరగా పలుకుతుంది, మాట చివర కూడా ఆ స్వరం నిలుస్తుంది. అందుకే తెలుగులో "కమల" అని ఉంటే "కొమొలొ" అంటారు. తలకట్టు చూపించి "ఇది ఉంటే అ" అని ఒకటికి పదిసార్లు చెప్పాలి. రెండోది, ఒడియా లిపిలో ఎ–ఏ, ఒ–ఓ తేడా లేదు. మెడ, మేడ ఒకలాగే చదువుతారు. కొన, కోన కూడా అంతే. ఇంట్లో ఆ మాటలు సరిగ్గానే పలుకుతారు కనుక, "మెడ మీద కాకి వాలింది" అని మీరే తప్పు చదివి నవ్వండి, వాళ్లే దిద్దుతారు. మూడోది, వ దగ్గర బ వస్తుంది. వనం బనం అవుతుంది. ఈ మూడూ తప్పులు కావు, ఒక లిపి అలవాటు ఇంకో లిపిలోకి వచ్చింది, అంతే. కోప్పడితే పుస్తకం మూస్తారు.

కొనే ముందు ఒక లోపలి పేజీ ఫొటో పంపమని అడగండి. చూడాల్సినవి ఇవి. అక్షరం పెద్దదిగా ఉండాలి, కొత్తగా చదివేవాళ్లకు 18 పాయింట్లకు తగ్గకూడదు. వరసల మధ్య జాగా ఉండాలి. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరసలోని గుడులు పైకి లేస్తాయి, జాగా లేకపోతే రెండూ కొట్టుకుంటాయి. "గడ్డి"లో ఒత్తు కనబడక "గడి" అని చదివితే తప్పు పిల్లది కాదు. ఫాంటు సరిగ్గా మార్చకుండా అచ్చేసిన పుస్తకాల్లో ఒత్తు విడిపోయి, పొల్లు పక్కన పూర్తి అక్షరంగా పడుతుంది. అలాంటిది ఒక్క పేజీలో కనబడితే పుస్తకమంతా అలాగే ఉంటుంది. వదిలేయండి. రంగుల బొమ్మల మీద నల్లక్షరాలు అచ్చేసినవీ అంతే.

ఆరేళ్ల లోపు పిల్లలకు నడుమ పిన్నులు కొట్టిన పుస్తకాలే మేలు. పూర్తిగా తెరుచుకుంటాయి, జిగురు ఊడి పేజీలు రాలవు. పిన్ను తుప్పు పడితే ఆ మూణ్ణాలుగు పేజీలకు మరక అవుతుంది, అప్పుడు పిన్ను తీసి దారంతో రెండు చోట్ల కుట్టుకోవాలి.

పెద్దలకు

పది పుస్తకాల్లో నాలుగు కథలో నవలలో, రెండు అనువాదాలు, ఒక జీవిత కథో జ్ఞాపకాలో, ఒక సైన్సో ఆరోగ్యమో, ఒక కవిత్వం, ఒకటి గుంపులో ఎవరో పట్టుబట్టి అడిగినది. ఈ చివరిది తీసేయకండి, చందా ఆగకుండా వచ్చేది దానివల్లే. అనువాదాల్లో ఒకటి ఒడియా నుంచి తెలుగులోకి వచ్చినది దొరికితే తీసుకోండి. పక్కింటివాళ్ల భాషలో మూలం ఉంటుంది, మాట్లాడుకోవడానికి దారి దొరుకుతుంది. ఉత్తరాంధ్ర యాసలో రాసిన కథలు ఈ వైపు పెద్దవాళ్లకు మరీ నచ్చుతాయి. చదవలేని అమ్మమ్మలకు చదివి వినిపించినా సరే, "ఏటి, ఇది మనూరి కతే" అంటారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. ఈ ప్రాంత కథకులు ఎవరో, ఎవరి కథలు వెతకాలో తేల్చుకోవాలంటే ఒక రోజు అక్కడ గడపండి.

చిరునామా, దారి

చిరునామా తెలుగులో మాత్రమే రాసి పంపితే సరిహద్దు దాటాక చదివేవాళ్లుండరు. ఇంగ్లీషులో పెద్దక్షరాలతో, వీలైతే కింద ఒడియాలో, రెండు చోట్ల ఫోన్ నంబరుతో రాయించండి. పిన్‌కోడు మీదే బండి నడుస్తుంది. పర్లాకిమిడి 761200, రాయగడ 765001, బరంపురం 760001. ఒడిశా నంబర్లు 75, 76, 77లతో మొదలవుతాయి. మీ చిరునామాలో 53తో మొదలైన నంబరు పడిందంటే కట్ట శ్రీకాకుళం వైపు తిరిగి తిరిగి వస్తుంది. పర్లాకిమిడి వాళ్లు "జిల్లా" దగ్గర గజపతి అని రాయండి. పాత అలవాటుతో గంజాం అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు.

తపాలా వద్దనుకుంటే ఏపీఎస్‌ఆర్టీసీ కార్గో ఉంది. ఆంధ్ర వైపు బస్టాండుకు తెప్పించుకుని వెళ్లి తెచ్చుకోవచ్చు. పర్లాకిమిడి వాళ్లకు పక్కనే ఉన్న పాతపట్నం, రాయగడ వాళ్లకు పార్వతీపురం, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం, జయపురం వాళ్లకు సాలూరు. పది కిలోలు దాటిన ఆర్డరుకు ఇదే మేలు. మీ దగ్గరి బస్టాండులో కార్గో కౌంటరు ఉందో లేదో, ఎన్నింటికి మూస్తారో ముందు కనుక్కోండి. విశాఖ వెళ్లివచ్చేవాళ్లు ఎలాగూ ఎప్పుడూ ఉంటారు కాబట్టి, దుకాణంలో డబ్బు కట్టి ఉంచితే వాళ్లు సంచిలో వేసుకుని వస్తారు. దీనికి మించిన పార్సిల్ సర్వీసు లేదు గాని, ఐదు కిలోలు మోయమంటే రెండోసారి ఫోన్ ఎత్తరు.

ఆన్‌లైన్ దుకాణాల్లో కొనేటప్పుడు అట్ట వెనక ఉన్న వెలతో పోల్చండి. చేతులు మారి అమ్మేవాళ్లు నూటయాభై పుస్తకానికి మూడు వందలు పెట్టడం మామూలు. యూపీఐలో డబ్బు పంపినప్పుడు నోట్‌లో ఆర్డరు తేదీ రాసి, పుస్తకాల జాబితాతో బిల్లు అడగండి. "పంపేశాం" అన్న మాట చాలదు, ట్రాకింగ్ నంబరు తీసుకోండి.

కట్ట విప్పినప్పుడు

విప్పుతూ వీడియో తీయండి. ఇది అనుమానం కాదు, మార్పిడి అడగడానికి ఆధారం. ముందు జాబితాతో లెక్క సరిచూడండి. తర్వాత ప్రతి పుస్తకం పేజీ నంబర్లు తిరగేయండి. పుస్తకాన్ని పదహారు పేజీల ఫారాలుగా మడిచి కడతారు కాబట్టి తప్పు జరిగితే పదహారు పేజీలు ఒక్కసారే పోతాయి, లేదా రెండుసార్లు వస్తాయి. 48 తర్వాత 65 ఉందంటే ఒక ఫారం లేదన్నమాట. ఖాళీ పేజీలు, తలకిందుల ఫారం కూడా చూడండి. వారంలోపు చెబితే మంచి ప్రచురణకర్త మారుస్తారు. మూడు నెలల తర్వాత, నలుగురు చదివాక చెబితే ఎవరూ వినరు. జిగురుతో అంటించిన పుస్తకాన్ని కొత్తలో వెనక్కి విరవకండి. ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు తెరిచి నొక్కుతూ మధ్యకు రండి. లేదంటే నడుమ చీలి అక్కడే రెండు ముక్కలవుతుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా తెప్పిస్తే లోపల ప్లాస్టిక్ కవరు, పైన అట్ట వేయమని చెప్పాలి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే వంకర తిరుగుతుంది. పేజీల మధ్య పాత దినపత్రిక కాగితాలు పెట్టి, ఫ్యాను కింద నిలబెట్టి, కాగితాలు మారుస్తూ ఆరబెట్టండి. బొమ్మల పుస్తకాల నిగనిగ కాగితం తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆరాక విడదీయలేం, తడిగా ఉండగానే విడదీయాలి.

చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయొద్దు, కొన్నాళ్లకు పచ్చబడి పెళుసవుతుంది. మైదా జిగురు కూడా వద్దు, పురుగును పిలిచినట్టే. పల్చటి కాగితపు పట్టీ, చుక్క ఫెవికాల్ చాలు. కొండ ప్రాంతం తేమకు బీరువాలో గోడకు ఆనించి పెడితే బూజు పడుతుంది, నాలుగు వేళ్ల జాగా వదలండి. పిల్లలు తీసుకునే అరలో కలరా ఉండలు పెట్టకండి, ఎండిన వేపాకు పెట్టి రెండు నెలలకోసారి మార్చండి.

ఇళ్ల మధ్య తిప్పడం

ఒక్క నోటుబుక్కు చాలు. వరస సంఖ్య, పుస్తకం, రచయిత, వెల, ఎవరి దగ్గర, ఏ తేదీన. గడువు పిల్లల పుస్తకానికి వారం, పెద్దలదానికి పదిహేను రోజులు. పోతే వెల కట్టాలి, పిల్లలు చింపితే కట్టక్కర్లేదు. ఈ నియమం ముందే చెప్పకపోతే తల్లులు కొత్త పుస్తకాలను పిల్లలకు అందకుండా పై అరలో దాచేస్తారు. మార్చుకునే రోజు ఆదివారం సాయంత్రం ఒకరింట్లో పెట్టుకోండి. వేసవి సెలవుల కట్ట మార్చిలోనే ఆర్డరు పెట్టాలి. గిడుగు పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం కాబట్టి వర్షాకాలపు కట్టను ఆ రోజుకు అందేలా చూసుకోవచ్చు. అంటే ఆర్డరు జులై చివరికల్లా వెళ్లిపోవాలి.

ఆరు నెలలు గడిచాక నోటుబుక్కు తిరగేసి, ఒక్కరూ తీసుకోని పుస్తకాలను విడిగా రాయండి. అవి ఏ రకానివో చూసి తర్వాతి జాబితాలో ఆ రకం తగ్గించండి. అయితే కవిత్వపు పుస్తకం ఒక్కరే తీసుకున్నా, ఆ ఒక్కరు మూడుసార్లు తీసుకున్నారేమో కూడా చూడండి.